పాత సైకిలు ఫ్రేముకు కొత్త చక్రాలు, కొత్త బ్రేకులు

1. పరిచయం

మన ఊళ్లలో ఇప్పటికీ కనిపించే పెద్ద నల్ల సైకిలును ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. 28 అంగుళాల చక్రాలు, క్రోమియం పూత పూసిన ఉక్కు రిమ్ములు, హ్యాండిల్ నుంచి కిందికి దిగే ఇనుప కడ్డీల బ్రేకులు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో రాలీ వంటి కంపెనీలు ప్రచారంలోకి తెచ్చిన నమూనా ఇది. స్వాతంత్య్రం వచ్చిన తరువాత మద్రాసులో టి.ఐ. సైకిల్స్ (1949), సోనీపత్‌లో అట్లాస్ (1951), లూధియానాలో హీరో (1956) ప్రారంభమయ్యాయి. మన దేశంలో తయారైన ఇలాంటి సైకిళ్లు లక్షల ఇళ్లకు చేరాయి. వాటిలో చాలా ఫ్రేములు ఇంకా గట్టిగా ఉన్నాయి. మందమైన ఉక్కు గొట్టాలు కాబట్టి తుప్పు లోపలికి తినకపోతే అవి ఇంకో ఇరవై ఏళ్లు నడుస్తాయి.

ఫ్రేము బాగానే ఉన్నా చక్రాలు, బ్రేకులు నేటి రోడ్డుకు చాలవు. అందువల్ల "దీనికి కొత్త చక్రాలు, కొత్త బ్రేకులు వేయవచ్చా?" అనే ప్రశ్న వస్తుంది. ఈ కోర్సు చదువుతున్న మీలో కొందరికి సైకిలు షాపు ఉండవచ్చు, మరికొందరికి తండ్రిగారో తాతగారో వాడిన సైకిలు ఇంట్లో ఉండవచ్చు. ఎవరికైనా జవాబు ఒక్కటే: వేయవచ్చు, కానీ కొనడానికి ముందు కొలవాలి. చక్రాన్నీ బ్రేకునూ రెండు వేర్వేరు వస్తువులుగా చూస్తే ఈ పని తప్పకుండా చెడుతుంది. చక్రం మారితే బ్రేకు రబ్బరు తగలవలసిన చోటు మారుతుంది. బ్రేకు మారితే దానికి తగిన రిమ్ము కావాలి. ఈ సంబంధం ఎలా ఉంటుందో, దాన్ని టేపుతోనూ వెర్నియర్‌తోనూ ఎలా కొలవాలో ఈ పాఠంలో నేర్చుకుంటారు.

2. అసలు మార్చడం ఎందుకు?

కడ్డీ బ్రేకును దగ్గరగా చూడండి. లీవరు నొక్కితే కడ్డీ పైకి లాగబడుతుంది. గుర్రపు జీను కింద వేలాడే రికాబులాంటి ఒక ఇనుప చట్రం పైకి లేస్తుంది. దానికి ఉన్న రెండు రబ్బర్లు రిమ్ము లోపలి ముఖానికి, అంటే హబ్బు వైపు ఉన్న ముఖానికి ఒరుసుకుంటాయి. ఈ బ్రేకు కోసమే ఆ రిమ్ము అంచులు గుండ్రంగా మలచి, స్పోకులకు రెండు వైపులా చదునైన దారి వదిలారు. దీన్ని వెస్ట్‌వుడ్ రిమ్ము అంటారు. కేబుల్ లేదు కాబట్టి తెగేదీ లేదు. ఎండాకాలంలో ఈ ఏర్పాటు బాగానే పనిచేస్తుంది.

చిక్కు వానలో వస్తుంది. తడిసిన క్రోమియం ఉపరితలం మీద రబ్బరుకు పట్టు చాలా తగ్గిపోతుంది. అల్యూమినియం రిమ్ము తడిసినా ఇంత నష్టం ఉండదు. చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగేసరికి నీరు తుడుచుకుపోయి రబ్బరు పట్టుకుంటుంది. రిమ్ము అల్యూమినియం కావడం వల్ల బరువు తగ్గుతుందని చాలామంది చెబుతారు. నిజమే, కానీ నా దృష్టిలో అది రెండో లాభం. మొదటి లాభం వానలో ఆగడం.

ఈ తేడా ఎంతో ఒక చిన్న లెక్కతో చూద్దాం. గంటకు 20 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు సుమారు 5.56 మీటర్లు. ఆగడానికి పట్టే దూరం = వేగం వర్గం ÷ (2 × వేగం తగ్గే రేటు). సైకిలు మీద మనిషి నిటారుగా కూర్చున్నప్పుడు, బరువు కేంద్రం నేల నుంచి 1.1 మీటర్ల ఎత్తులో, ముందు చక్రం నేలను తాకే చోటుకు 0.6 మీటర్లు వెనక ఉందనుకుందాం. వెనక చక్రం పైకి లేవకుండా ఆగగల గరిష్ఠ రేటు 9.8 × 0.6 ÷ 1.1, అంటే సుమారు 5.3. కాస్త జాగ్రత్తగా 5 తీసుకుంటే ఆగే దూరం 3.1 మీటర్లు. తడిసిన ఉక్కు రిమ్ముతో ఆ రేటు 1.5కు పడిపోయిందనుకుంటే దూరం 10.3 మీటర్లు. లెక్క కోసం తీసుకున్న విలువలే ఇవి. ఒక్కొక్క సైకిలుకు మారుతాయి. అయినా అడ్డొచ్చిన పిల్లవాడికి మూడు మీటర్లకూ పది మీటర్లకూ ఉన్న తేడా ఏమిటో మీకు చెప్పనక్కరలేదు.

ఇక్కడే ఇంకొకటి గమనించండి. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది, వెనక చక్రం తేలిక అవుతుంది, త్వరగా జారుతుంది. పొడి రోడ్డు మీద వెనక బ్రేకు ఒక్కటే వాడితే, పై కొలతలతోనే లెక్కిస్తే, వేగం తగ్గే రేటు 2.2 దాటదు. ఆగే దూరం 7 మీటర్లు. ముందు బ్రేకు వేస్తే బోల్తా పడతామనే భయంతో చాలామంది వెనక దాన్నే నమ్ముకుంటారు. మీ దగ్గర ఒక్క చక్రానికి సరిపడే డబ్బే ఉంటే ముందు చక్రం, ముందు బ్రేకు మార్చండి. వెనక పాతవే ఉంచండి. రెండు వైపులా అరకొరగా చేసిన పనికంటే ఇది మేలు.

3. రిమ్ము కొలత: అంగుళాలను నమ్మవద్దు

షాపులో "28 టైరు ఇవ్వండి" అంటే ఏది వస్తుంది? ఈ ప్రశ్నకు ఒక జవాబు లేదు, చిక్కంతా అక్కడే ఉంది. 28 అంగుళాలు అన్నది ఒకప్పుడు టైరు బయటి అంచు నుంచి బయటి అంచుకు ఉన్న సుమారు కొలత. టైరు లావు మారినప్పుడల్లా లోపలి రిమ్ము మారింది, పేరు మాత్రం 28 గానే మిగిలింది. అందుకే 28 అనే పేరుతో కనీసం మూడు వేర్వేరు రిమ్ములు ఉన్నాయి. ఒకదాని టైరు మరొకదానికి ఎక్కదు, ఎక్కించినా నిలవదు.

నమ్మదగిన కొలత వేరే ఉంది. టైరు రెండు అంచుల్లోనూ ఒక్కో గట్టి తీగ దాగి ఉంటుంది. దాన్ని బీడు అంటారు. బీడు రిమ్ములో కూర్చునే చోటు వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు. టైరు పక్క గోడ మీద 40-635 అని అచ్చు వేసి ఉంటే, మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది బీడు వ్యాసం. మన పాత సైకిలు 28 × 1½ టైరుకు ఈ వ్యాసం 635. ఫ్రెంచి పద్ధతిలో దీనినే 700బి అంటారు. నేటి రోడ్డు సైకిళ్లకు, చాలా హైబ్రిడ్ సైకిళ్లకు వాడేది 700సి; దాని బీడు వ్యాసం 622. పర్వత సైకిళ్ల పాత 26 అంగుళాల చక్రానిది 559.

635 కొలతలో అల్యూమినియం రిమ్ములు దొరకడం కష్టం, 622లో సులువు. కాబట్టి ఈ మార్పు చేసేవాళ్లు ఎక్కువగా 622 వైపే వెళ్తారు. వ్యాసంలో తేడా 13 మిల్లీమీటర్లు. వ్యాసార్థంలో 6.5. ఈ 6.5 అనే అంకెను గుర్తుపెట్టుకోండి, బ్రేకు దగ్గర మళ్లీ కావాలి.

చక్రం చిన్నదైతే ఇంకేం జరుగుతుంది? పాత 40-635 టైరు బయటి వ్యాసం సుమారు 635 + 40 + 40 = 715 మిల్లీమీటర్లు. కొత్త 32-622 టైరుది 686. సైకిలు మొత్తం 14.5 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. వంపులో పెడల్ తిప్పుతూ ఒరిగితే పెడల్ నేలకు తగిలే అవకాశం ఆ మేరకు పెరుగుతుంది. 40-622 టైరు వేస్తే దిగేది 6.5 మాత్రమే. మన రోడ్ల గుంతలను చూసి చెబుతున్నాను, ఫ్రేములో చోటు ఉంటే సన్న టైరు జోలికి పోకండి. ఒక్క చుట్టుకు సైకిలు వెళ్లే దూరం కూడా తగ్గుతుంది: పాత చక్రం చుట్టుకొలత 2,246 మిల్లీమీటర్లు, 32-622 టైరుతో 2,155. అంటే గేరు సుమారు 4 శాతం తేలికవుతుంది. సామాను మోసే సైకిలుకు ఇది లాభమే.

ట్యూబు విషయం ఒక్క మాటలో. పాత ట్యూబుకు చిన్న రబ్బరు గొట్టంతో పనిచేసే ఉడ్స్ వాల్వు ఉంటుంది. దానికి రిమ్ములో సుమారు 8.5 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. సన్నని ప్రెస్టా వాల్వు కోసం 6.5 మిల్లీమీటర్ల రంధ్రం చేసిన రిమ్ములు కూడా ఉంటాయి. ఊళ్లో ఏ పంపు దొరుకుతుందో ఆలోచించుకుని రిమ్ము ఎంచుకోండి.

4. చక్రం ఫ్రేములో కూర్చోవాలి

పాత హబ్బుకే కొత్త రిమ్ము అల్లితే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. పాత సైకిలు ముందు హబ్బుకు 32, వెనక హబ్బుకు 40 రంధ్రాలు ఉంటాయి. నేటి 622 రిమ్ములు ఎక్కువగా 32 లేదా 36 రంధ్రాలవి. ముందు వైపు కొంత ఆశ ఉంది. వెనక మాత్రం 40 రంధ్రాల అల్యూమినియం రిమ్ము కోసం తిరగడం కంటే హబ్బు కూడా మార్చడమే తేలిక. హబ్బు మారిస్తే వెడల్పు సమస్య మొదలవుతుంది.

ఫ్రేములో ఇరుసు కూర్చునే రెండు గాడుల లోపలి ముఖాల మధ్య దూరాన్ని కొలవండి. హబ్బు వైపు, రెండు లాకు నట్టుల బయటి ముఖాల మధ్య దూరాన్ని కొలవండి. ఈ రెండూ సమానంగా ఉండాలి. పాత ఫ్రేముల్లో వెనక దూరం 110 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మీ ఫ్రేమును మీరే కొలిచి చూసుకోవాలి. కొత్త హబ్బుల్లో ఒకే పళ్ల చక్రం ఉన్నవి 120, ఆరేడు గేర్ల పాత రోడ్డు రకం 126, ఆ తరువాతి రోడ్డు రకం 130, పర్వత రకం 135. ముందు హబ్బు నేడు సాధారణంగా 100.

ఉక్కుకు ఒక మంచి గుణం ఉంది. చల్లగా ఉన్నప్పుడే నెమ్మదిగా వంచితే వంగి, ఆ వంపులోనే నిలుస్తుంది. అల్యూమినియం ఫ్రేముతో ఈ పని ఎప్పుడూ చేయకూడదు, అది పగులుతుంది. 110 నుంచి 120కి అంటే ఒక్కో వైపు 5 మిల్లీమీటర్లు. ఇది చేయదగిన పని. 110 నుంచి 135కి ఒక్కో వైపు 12.5 కావాలి, దానికి నేను ఒప్పుకోను. వెనక కడ్డీలు కలిసే అతుకుల మీద అంత ఒత్తిడి పెట్టి, పదేళ్ల తరువాత ఏమవుతుందో చూడవలసిన అవసరం లేదు. గేర్లు కావాలంటే ఈ ఫ్రేము దానికి తగింది కాదు.

వంచేటప్పుడు రెండు కడ్డీలనూ ఒకేసారి విడదీయకండి. అలా చేస్తే బలహీనమైన వైపే ఎక్కువ వంగుతుంది. ఒక గట్టి చెక్క దుంగను మీటగా పెట్టి ముందు ఒక వైపు, తరువాత రెండో వైపు, కొంచెం కొంచెంగా వంచుతూ, ప్రతిసారీ కొలవాలి. మధ్య గీత తప్పిందో లేదో చూడడానికి ఒక దారం చాలు. ఒక వెనక గాడికి దారం కట్టి, ముందున్న హెడ్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో గాడికి బిగించండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఉన్న సందును రెండు వైపులా కొలవండి. రెండూ సమానమైతే ఫ్రేము నిటారుగా ఉంది. మిల్లీమీటరు దాటి తేడా ఉంటే ఒక వైపు ఇంకా పని మిగిలింది.

దూరం సరిపోగానే పని అయిపోయిందనుకోవద్దు. కడ్డీలు విడిపోయినప్పుడు గాడుల ముఖాలు ఏటవాలుగా మారుతాయి. నట్టు బిగించినప్పుడు ఆ ఏటవాలు ఇరుసును వంచుతుంది. తరచూ ఇరుసు విరిగే సైకిలును ఎప్పుడైనా చూస్తే ముందు ఇదే పరీక్షించండి. రెండు గాడుల్లోనూ పొడవైన బోల్టు ముక్కలు బిగించి, వాటి మొనలు ఎదురెదురుగా వస్తున్నాయో లేదో చూస్తే చాలు.

ముందు ఫోర్కులో మరో చిక్కు ఉంది. పాత ముందు ఇరుసు సన్నగా, 5/16 అంగుళం, అంటే సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. కొత్తది 9. గాడిలో దిగదు. ఇరుసు మరలను ఆకురాయితో అరగదీయడం కొందరు చేసే పని. చేయకండి, మరల బలమే ఇరుసు పట్టు. అరగదీయవలసి వస్తే గాడి వెడల్పునే, రెండు గోడలనూ సమంగా, అర మిల్లీమీటరు చొప్పున అరగదీయాలి. గాడి లోతు పెంచకూడదు. ఒక వైపు లోతు పెరిగితే చక్రం ఒరుగుతుంది.

ఇరుసుకు నట్టులున్న రకాన్నే ఎంచుకోండి. ఇలాంటి ఫ్రేములో చైను బిగువు సరిచేయడానికి వెనక చక్రం గాడిలో ముందుకూ వెనక్కూ జరుగుతుంది. లీవరుతో తిప్పి బిగించే రకం, బలంగా తొక్కినప్పుడు జారే అవకాశం ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక ఫ్రేములో వెనక గాడుల మధ్య దూరం 114 మిల్లీమీటర్లు. మీ దగ్గర 120 హబ్బు ఉంది. ఒక్కో వైపు ఎంత విడదీయాలి? విడదీసిన తరువాత చేయవలసిన రెండు పరీక్షలు ఏవి?

5. బ్రేకు చేయి ఎంత పొడవు ఉండాలి?

కొత్త రిమ్ముకు కడ్డీ బ్రేకు పనికిరాదు. ఆ రబ్బర్లు ఒరుసుకునే లోపలి దారి కొత్త రిమ్ముకు లేదు. రిమ్ము పక్క గోడలను రెండు వైపుల నుంచి పట్టే కాలిపర్ బ్రేకు కావాలి. ఇది కత్తెరలా రెండు చేతులతో ఉంటుంది, ఫోర్కు తలకు ఒకే బోల్టుతో బిగుస్తుంది. ఫోర్కు తల అంటే ఫోర్కు రెండు కాళ్లూ కలిసే చోటు. పర్వత సైకిళ్లకు వాడే వి-బ్రేకుకు ఫోర్కు కాళ్ల మీద ప్రత్యేకమైన కొమ్ములు అతికి ఉండాలి. మన ఫ్రేముకు అవి ఉండవు. డిస్కు బ్రేకు ఆలోచన పూర్తిగా వదిలేయండి. అది ఫోర్కు ఒక కాలు అడుగున బలమంతా పెడుతుంది, పాత ఫోర్కును ఆ బలం కోసం చేయలేదు.

కాలిపర్ కొనేటప్పుడు చూడవలసిన కొలత, బోల్టు నుంచి బ్రేకు రబ్బరు వరకు ఉన్న చేయి పొడవు. కొత్త రోడ్డు సైకిళ్లకు వచ్చేది 39 నుంచి 49 మిల్లీమీటర్లు. కొంచెం పొడవైన రకం 47 నుంచి 57. ఇంకా పొడవైన రకం 55 నుంచి 73. మడ్‌గార్డుకూ లావు టైరుకూ చోటు వదిలిన మన పాత ఫ్రేముకు చివరి రకమే ఎక్కువగా కావలసి వస్తుంది.

కొత్త చక్రం చేతిలో లేకుండానే ఈ పొడవు తెలుసుకోవచ్చు. ఇరుసు కూర్చునే చోటు మధ్య నుంచి ఫోర్కు తలలోని బోల్టు రంధ్రం మధ్యకు తిన్నగా కొలవండి. అందులోంచి బీడు వ్యాసార్థం తీసేయండి. మామూలు అల్యూమినియం రిమ్ములో రబ్బరు తగిలే పట్టీ మధ్య గీత దాదాపు బీడు ఎత్తులోనే ఉంటుంది కాబట్టి ఈ లెక్క సరిపోతుంది. ఉదాహరణకు కొలత 376 వచ్చిందనుకోండి. 622 రిమ్ముకు 376 − 311 = 65. 55-73 రకం సరిపోతుంది. అదే ఫ్రేములో 635 కొలత అల్యూమినియం రిమ్ము దొరికి ఉంటే 376 − 317.5 = 58.5 అయ్యేది. మొదట చెప్పిన 6.5 తేడా ఇదే. వెనక బ్రేకుకు కూడా ఇదే లెక్క. కాకపోతే వెనక చక్రం గాడిలో జరుగుతుంది కాబట్టి, చైను బిగువుగా ఉన్నప్పుడు ఇరుసు ఎక్కడ నిలుస్తుందో అక్కడి నుంచే కొలవాలి.

చేయి పొడవు పెరిగితే పట్టు తగ్గుతుంది. తులాదండం సూత్రం మీకు తెలిసిందే. కేబుల్ లాగే వైపు అంతే ఉండి, రబ్బరు వైపు 45 నుంచి 65 మిల్లీమీటర్లు అయితే రిమ్ము మీద పడే బలం 45/65, అంటే సుమారు మూడింట రెండు వంతులకు దిగుతుంది. అందుకే పొడవు చేతుల బ్రేకు కొనేటప్పుడు రెండు చోట్ల తిరిగే, అంటే డ్యూయల్ పివట్ రకాన్నే తీసుకోండి. ఒకే పివట్ ఉన్న చవక రకం పొడవు చేతులతో మెత్తగా, వంగినట్టుగా అనిపిస్తుంది.

బోల్టు రకం కూడా చూడాలి. కొత్త కాలిపర్లలో చాలావాటికి వెనక వైపు లోపలికి దూరే గొట్టంలాంటి నట్టు ఉంటుంది. దానికి ఫోర్కు తల వెనక ముఖంలో 8 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. పాత ఫోర్కులో రెండు వైపులా 6 మిల్లీమీటర్ల రంధ్రమే ఉంటుంది. పొడవైన బోల్టుతో బయట మామూలు నట్టు బిగించే రకం అడిగి తీసుకుంటే ఏ రంధ్రాన్నీ పెద్దది చేయనక్కరలేదు.

లీవర్ల దగ్గర మాత్రం ఏ రాజీ పడకూడదు. వి-బ్రేకు కోసం చేసిన లీవరు కాలిపర్ లీవరు కంటే దాదాపు రెట్టింపు కేబుల్ లాగుతుంది. అలాంటి లీవరును కాలిపర్‌కు కలిపితే చేతికి గట్టిగా, బాగా పట్టినట్టే అనిపిస్తుంది. నిజానికి రిమ్ము మీద బలం సగానికి దగ్గరగా పడిపోతుంది. షాపులో నిలబెట్టి నొక్కి చూసినవారికి ఈ తేడా తెలియదు, దిగుడు రోడ్డు మీద తెలుస్తుంది. డబ్బా మీద ఏ బ్రేకు కోసమో రాసి ఉంటుంది, చదవండి. అసలు లీవరు బిగించడానికి హ్యాండిల్ గొట్టం బయటి వ్యాసం 22.2 మిల్లీమీటర్లు ఉండాలి. పాత హ్యాండిల్‌కు కడ్డీ లీవర్లు అతికే ఉంటే హ్యాండిల్ కూడా మార్చవలసి వస్తుంది. ఫ్రేము మీద కేబుల్ ఆపే కొక్కేలు లేవు కాబట్టి వెనక బ్రేకుకు కేబుల్ తొడుగు మొత్తం పొడవునా వేసి, క్లిప్పులతో పట్టించండి.

6. ఫోర్కు తలకు రంధ్రం లేకపోతే

కడ్డీ బ్రేకుల కోసమే చేసిన ఫ్రేముల్లో ముందు కాని, వెనక కాని కాలిపర్ బోల్టుకు రంధ్రం ఉండకపోవచ్చు. డబ్బు ఖర్చు పెట్టడానికి ముందు అన్నిటికంటే మొదట చూడవలసింది ఇదే. మడ్‌గార్డు విప్పి చూడండి, కొన్నిసార్లు దాని వెనక దాగి ఉంటుంది.

లేకపోతే చేతి డ్రిల్లుతో రంధ్రం పెట్టకండి. అది మధ్యకు రాదు, వంకరగా పోతుంది, బ్రేకు ఎప్పటికీ ఒక పక్కకే ఒరుగుతుంది. అంతకంటే ముఖ్యం, ఫోర్కు మొత్తంలో ఎక్కువ ఒత్తిడి పడేది ఆ తల దగ్గరే. రంధ్రం ఉన్న మరో ఫోర్కు వేయడం ఒక దారి. అలాంటప్పుడు స్టీరింగు గొట్టం పొడవు, మరల లెక్క రెండూ సరిపోవాలి. మామూలుగా అంగుళానికి 24 మరలు ఉంటాయి, నాటింగ్‌హామ్ రాలీ ఫోర్కులకు 26 ఉండేవి. ఈ రెండూ ఒకదానికొకటి ఎక్కవు.

రెండో దారి నాకు ఎక్కువ నచ్చేది: బ్రేకు హబ్బు లోపలే ఉండే డ్రమ్ము హబ్బు. మోపెడ్ చక్రంలో ఉన్నట్టే లోపల షూలు ఉంటాయి. వాన నీరు వాటిని తాకదు. రిమ్ము ఏదైనా ఫర్వాలేదు కాబట్టి 635 ఉక్కు రిమ్మునే ఉంచుకోవచ్చు, హబ్బు రంధ్రాల సంఖ్య కలిస్తే చాలు. స్టర్మీ-ఆర్చర్ కంపెనీ 70, 90 మిల్లీమీటర్ల డ్రమ్ములతో ఇలాంటి హబ్బులు చేస్తుంది. ఒక షరతు: హబ్బు నుంచి వచ్చే పట్టీని ఫోర్కు కాలికి క్లిప్పుతో గట్టిగా బిగించాలి. అది ఊడితే పట్టీ గిర్రున తిరిగి చక్రం లాక్ అవుతుంది.

వెనక వైపు పెడల్‌ను వెనక్కి తొక్కితే ఆగే కోస్టర్ హబ్బు కూడా ఉంది. అది చైను మీద ఆధారపడుతుంది. చైను తెగితే బ్రేకూ పోతుంది. ముందు ఒక మంచి బ్రేకు ఉన్నప్పుడే దాన్ని వేయండి.

7. బిగింపు, పరీక్ష

కొత్త బ్రేకు వేసే ముందు పాత ఫోర్కు ఆ బలాన్ని తట్టుకోగలదా అని చూడాలి. సైకిలును తిరగేసి, హెడ్ గొట్టం వెనక, పై గొట్టం, కింది గొట్టం అడుగు భాగాలను గుడ్డతో తుడవండి. పెయింటు ముడతలు పడి ఉంటే ఆ సైకిలు ఎప్పుడో దేనికో ముందు నుంచి గుద్దుకుంది. ఫోర్కు కాళ్లు పక్క నుంచి చూస్తే ఒకే వంపులో ఉండాలి. ఫోర్కును విప్పి, స్టీరింగు గొట్టం అడుగున తుప్పు, పగులు ఉన్నాయో చూడండి. వీటిలో ఏది కనిపించినా ఫోర్కు మార్చాల్సిందే. బలమైన బ్రేకు బలహీనమైన ఫోర్కును విరిచేస్తుంది.

చక్రానికి బెండు తీయించిన తరువాతే బ్రేకు రబ్బర్లు సర్దండి. రిమ్ము నుంచి ఒక్కో వైపు 2 మిల్లీమీటర్ల సందు చాలు. రబ్బరు మొత్తం రిమ్ము పట్టీ మీదే పడాలి. పైకి జరిగి టైరును తాకితే పక్క గోడ కొన్ని రోజుల్లోనే కోసుకుపోయి టైరు పేలుతుంది. కిందికి జరిగితే గట్టిగా నొక్కినప్పుడు రబ్బరు రిమ్ము కిందికి జారి స్పోకుల్లో ఇరుక్కుంటుంది. ముందు చక్రంలో అలా జరిగితే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. చేయి పొడవు కొలిచేటప్పుడు ఒక్క మిల్లీమీటరు కోసం ఎందుకు పట్టుబట్టామో ఇప్పుడు అర్థమవుతుంది. బ్రేకు కీచుమంటే రబ్బరు ముందు కొన కొంచెం ముందుగా తాకేలా తిప్పండి.

మన దేశంలో అలవాటు ప్రకారం కుడి చేతి లీవరు ముందు బ్రేకుకు కలపండి. మోటారు సైకిలు నడిపేవారి చేతికి అదే తెలుసు.

మొదటి పరీక్ష సైకిలు ఎక్కకుండానే చేయండి. రెండు లీవర్లనూ పూర్తి బలంతో పదిసార్లు నొక్కండి. కేబుల్ జారాల్సి ఉంటే ఇప్పుడే జారుతుంది. తరువాత ముందు లీవరు పట్టుకుని సైకిలును ముందుకు తోయండి. వెనక చక్రం లేవాలి. లీవరు హ్యాండిల్‌కు తగిలేదాకా రాకూడదు. ఆ తరువాతే ఖాళీ మైదానంలో నడక వేగంతో మొదలుపెట్టి, చేతులు నిటారుగా చాచి, శరీరాన్ని కొంచెం వెనక్కి వంచి, ముందు బ్రేకును క్రమంగా పిండుతూ చూడండి. పాత కడ్డీ బ్రేకుకు అలవాటుపడిన చేయి గట్టిగా గుంజుతుంది. కొత్త బ్రేకుకు రెండు వేళ్లు చాలు. షాపు నడిపేవారు ఈ మాటను సైకిలు తీసుకెళ్లే మనిషికి తప్పకుండా చెప్పి, మీ ఎదుటే నాలుగుసార్లు ఆపించి చూడాలి.

50 కిలోమీటర్లు తిరిగిన తరువాత ఇరుసు నట్టులు, బ్రేకు బోల్టు, కేబుల్ బోల్టు మరోసారి పానాతో బిగించి, స్పోకుల బిగువు చూడండి. కొత్త కేబుల్ సాగుతుంది, కొత్త స్పోకులు సర్దుకుంటాయి. విప్పిన పాత చక్రాలనూ, కడ్డీలనూ పాత ఇనుము కింద అమ్మకండి. నూనె రాసి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి. మీరు ఫ్రేమును కోయకుండా, రంధ్రం పెట్టకుండా పని చేసి ఉంటే, వెనక కడ్డీలను మళ్లీ దగ్గరకు వంచి ఆ సైకిలును ఎప్పుడైనా మొదటి రూపానికి తీసుకురావచ్చు.

సాధన: మీకు అందుబాటులో ఉన్న ఒక పాత సైకిలును తీసుకుని టైరు మీద ముద్రించిన అంకెలు, వెనక గాడుల మధ్య దూరం, ముందు గాడి వెడల్పు, ఇరుసు చోటు నుంచి ఫోర్కు తల రంధ్రానికి ఉన్న దూరం కొలిచి రాయండి. ఆ ఫ్రేముకు 622 రిమ్ముతో కాలిపర్ బ్రేకు సరిపోతుందా, డ్రమ్ము హబ్బు మేలా అన్నది మీ అంకెలతోనే నిర్ణయించి, కారణాలను అర పేజీలో వివరించండి.